తలల లెక్క, రాత్రుల లెక్క: తిరుపతి పాత ఊరు, శ్రీకాళహస్తి సన్నిధి

కోవిడ్ వల్ల 2020 మార్చి 20న తిరుమలలో ఆగిపోయిన దర్శనాలు జూన్ 11న భక్తులందరికీ మళ్ళీ మొదలయ్యాయి. 2021లో కొండకు వచ్చినవాళ్ళు కోటికి కాస్త పైన. 2022లో 2.37 కోట్లు, 2024లో 2.55 కోట్లు. ఈ మూడు అంకెలు నోట పట్టుకుని తిరుపతి పాత ఊళ్ళో ఇల్లు బేరమాడటానికి వచ్చేవాళ్ళకు ఇప్పుడు కొదవ లేదు. గోవిందరాజస్వామి గోపురం కనబడేంత దూరంలో యాభై అంకణాల పాత ఇల్లు దొరికితే చాలు, పడగొట్టి నాలుగంతస్తుల లాడ్జి కట్టొచ్చు, జనం ఎలాగూ వస్తారు అన్నది వాళ్ళ వాదన. జనం వస్తారన్నంతవరకు అది నిజమే. వచ్చిన జనం ఆ లాడ్జి గదిలోనే పడుకుంటారన్నది మాత్రం ఇంకా తేలాల్సిన సంగతి.

మరో రెండు అంకెలు పక్కన పెట్టి చూడండి. 2022లో శ్రీవారి హుండీ ఆదాయం దాదాపు 1,450 కోట్ల రూపాయలు. భక్తులు పెరిగిన 2024లో అది 1,365 కోట్లు. సాక్షాత్తూ స్వామి దగ్గరే తలలు పెరిగినంత మాత్రాన రాబడి పెరగలేదు. వీధి చివరి లాడ్జిలో పెరుగుతుందన్న ధైర్యం ఎక్కడిది?

ఈ ప్రశ్నకు జవాబు తిరుపతి ఒక్కదాన్నే చూస్తే దొరకదు. పక్కన శ్రీకాళహస్తిని పెట్టి చూడాలి. రెండూ మొన్నమొన్నటిదాకా చిత్తూరు జిల్లా ఊళ్ళు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడ్డాక రెండూ అందులోకి వచ్చాయి. మధ్య దూరం నలభై కిలోమీటర్లు కూడా లేదు. ఒకటి వైష్ణవం, ఒకటి శైవం. రెండు చోట్లా గుడి చుట్టూ మాడవీధులు, వాటి చుట్టూ అంగళ్ళు, ఆ వెనక సందుల్లో తిన్నెలున్న మిద్దెలు. అన్నిటికీ మించి, ఈ రెండు ఊళ్ళకూ వచ్చేది చాలావరకు ఒకే యాత్రికుడు, ఒకే ప్రయాణంలో. ఒకే మనిషి రెండు ఊళ్ళను రెండు రకాలుగా వాడుకుంటాడు. పాత ఊళ్ళో పెట్టుబడి పెట్టాలనుకునేవాడు ముందు పట్టుకోవాల్సింది ఆ తేడానే.

రెండు ఊళ్ళ పుట్టుక

తిరుపతి పుట్టుకే కొండ కింద మజిలీగా. గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించి, గుడి చుట్టూ వీధులు తీర్చింది రామానుజాచార్యులని సంప్రదాయం చెబుతుంది. 1130 ఫిబ్రవరి 24ను ఊరి పుట్టినరోజుగా ఈమధ్య పండగ కూడా చేస్తున్నారు. పురపాలక సంఘం 1886లో, నగరపాలక సంస్థ 2007లో వచ్చాయి. ఊరు ఎంత పెరిగినా దాని పని మారలేదు. కొండ ఎక్కబోయేవాడికీ దిగివచ్చినవాడికీ ఒక పూట తిండి, ఒక రాత్రి నిద్ర ఇవ్వడమే దాని బతుకుతెరువు. సత్రాలు, మఠాలు, ఆ తర్వాత రైల్వే స్టేషన్ ఎదుటి లాడ్జీలు, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు హోటళ్ళు అన్నీ ఆ పని మీద పుట్టినవే.

శ్రీకాళహస్తి అలా కాదు. అక్కడ గుడి ఊళ్ళోనే, స్వర్ణముఖి ఒడ్డునే ఉంది. యాత్రికుడు చేరాల్సిన చోటు అదే, అక్కడి నుంచి ఎక్కాల్సిన కొండ లేదు. కాళహస్తి జమీందారీకి కేంద్రంగా, సంతగా, కలంకారీ కుంచె పట్టినవాళ్ళ ఊరుగా దానికి గుడితోపాటు మరో బతుకు కూడా ఉండేది. తిరుపతి పాత ఊరు యాత్రికుడి కోసం కట్టుకున్నదైతే, కాళహస్తి పాత ఊరు కాపురం ఉన్నవాళ్ళ కోసం కట్టుకున్నది. అక్కడ యాత్రికుడు వచ్చి పోయే చుట్టం. ఆస్తి విలువ మాట్లాడేటప్పుడు ఈ తేడా అడుగడుగునా అడ్డొస్తుంది.

ఒకే యాత్రికుడు, రెండు గడియారాలు

తిరుపతిలో యాత్రికుడు రాత్రి ఉండటానికి కారణం ఊరి మీద ప్రేమ కాదు, ఎదురుచూపు. దర్శనం ఏ గంటకు దొరుకుతుందన్న దాన్ని బట్టి అతడు ఎక్కడ పడుకుంటాడో తేలుతుంది. ఆ గంటను నిర్ణయించేది తిరుమల తిరుపతి దేవస్థానం. అంటే పాత ఊరి లాడ్జి యజమాని గదికి బోర్డు పెట్టగలడు, ధర పెట్టగలడు. గిరాకీ మాత్రం మరొకరి ఆఫీసు నుంచి రావాలి.

ఇది ఊహ కాదు, ఈ నాలుగైదేళ్ళలో కళ్ళముందే జరిగింది. 2022 ఏప్రిల్ 12న తిరుపతిలో సర్వదర్శనం టోకెన్ల దగ్గర తోపులాట జరిగి కొందరు గాయపడ్డారు. దేవస్థానం టోకెన్ల జారీ ఆపేసి భక్తులను నేరుగా కొండకు వదిలేసింది. అదే ఏడాది నవంబరు 1న టైంస్లాట్ టోకెన్లు మళ్ళీ మొదలయ్యాయి. అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్, బస్టాండ్ ఎదుటి శ్రీనివాసం, రైల్వే స్టేషన్ దగ్గరి గోవిందరాజస్వామి సత్రాలు వాటికి కేంద్రాలయ్యాయి. టోకెను కింద ఇస్తే జనం కింద ఆగుతారు, కింద తింటారు, కింద పడుకుంటారు. కింద ఇవ్వకపోతే నేరుగా కొండ మీది కంపార్టుమెంట్లలోకి పోతారు. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా యాత్రికుల సంఖ్య పెద్దగా మారలేదు. మారింది వాళ్ళు తల వాల్చే చోటు.

2022 డిసెంబరు 1 నుంచి వీఐపీ బ్రేక్ దర్శనాన్ని పొద్దున 8 గంటలకు జరిపారు. దేవస్థానం చెప్పిన కారణాల్లో ఒకటి, బ్రేక్ దర్శనానికి వచ్చేవాళ్ళు రాత్రి తిరుపతిలోనే ఉండి తెల్లవారి కొండకు రావచ్చని, కొండ మీద గదుల ఒత్తిడి తగ్గుతుందని. ఒక్క వేళ మార్పుతో డబ్బున్న యాత్రికుడి రాత్రి నిద్ర కొండ మీది నుంచి కిందికి దిగింది. దానివల్ల లాభపడే హోటల్ యజమాని అందుకు చేసిన పని ఏమీ లేదు. రేపు ఆ వేళ మళ్ళీ మారితే అతడు చేయగలిగిందీ లేదు. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం గుమిగూడిన చోట తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. ఆ ఘోరం తర్వాత వచ్చిన వైకుంఠ ఏకాదశికి మొదటి మూడు రోజుల టోకెన్లు ఆన్‌లైన్ ఈ-డిప్ (లాటరీ)లోకి వెళ్ళాయి. భక్తుల ప్రాణాల దృష్ట్యా అది సరైన నిర్ణయమే. కౌంటర్ల దగ్గర టోకెను కోసం కాచుకుని తిరుపతిలో గడిపే రాత్రులు తగ్గడమూ ఆ నిర్ణయంలోని భాగమే.

ఇప్పుడు కాళహస్తి గడియారం చూడండి. అక్కడికి యాత్రికుడు ఎక్కువగా రాహుకేతు పూజకే వస్తాడు. టికెట్టు కొని, బృందంలో కూర్చుని, గంటలోపు పూజ ముగించుకుని, వాయులింగ దర్శనం చేసుకుని బయటపడతాడు. ఆదివారం సాయంత్రం రాహుకాలమంటే మొగ్గు ఎక్కువ, గ్రహణం నాడు గుడి తెరిచే ఉంటుంది కాబట్టి ఆ రోజు మరీ ఎక్కువ. అయితే ఈ రద్దీ అంతా గంటల రద్దీ. పైగా కాళహస్తి చూసుకున్నాక మరో గుడి తొక్కకుండా నేరుగా ఇంటికి పోవాలన్న ఆచారం బలంగా ఉంది. యాత్రలో చివరి మజిలీ అది. ఆచారమే యాత్రికుణ్ణి ఊరు దాటిస్తోంది. రేణిగుంట, నాయుడుపేట వైపు రహదారి బాగుపడే కొద్దీ అతడు ఇంకా త్వరగా దాటిపోతాడు.

ఫలితం ఇది. రెండు ఊళ్ళలోనూ రద్దీ తిరిగొచ్చింది. తిరుపతిలో అది రాత్రులుగా వచ్చింది, కాళహస్తిలో మధ్యాహ్నాలుగా వచ్చింది. మధ్యాహ్నాన్ని లాడ్జి గది పట్టుకోలేదు. కాళహస్తిలో గుడి ఎదుట జనాన్ని చూసి ముప్పై గదులు కట్టినవాడు ఆ జనమంతా కార్లెక్కి వెళ్ళిపోవడం సాయంత్రం వరండాలో నిలబడి చూడాల్సిందే. తిరుపతిలో కట్టినవాడికి ఆ బాధ లేదు. అతడి బాధ వేరే రకం.

పక్కనే ఉన్న పెద్ద యజమాని

తిరుపతి పాత ఊళ్ళో లాడ్జికి అసలు పోటీ పక్క లాడ్జి కాదు, దేవస్థానమే. స్టేషన్ ఎదుట విష్ణునివాసం, బస్టాండ్ దగ్గర శ్రీనివాసం, మాధవం, తరతరాల గోవిందరాజస్వామి సత్రాలు. ఇవి లాభం కోసం నడిచేవి కావు. అప్పు తీర్చాల్సినవాడు, వడ్డీ కట్టాల్సినవాడు వీటి అద్దెతో ధరలో పోటీపడలేడు. ఆ పాత సత్రాల స్థానంలో అచ్యుతం, శ్రీపథం పేర్లతో భారీ వసతి సముదాయాలు కట్టాలన్న ప్రతిపాదన 2023లో వచ్చింది. ఆ ప్రతిపాదన ఎప్పుడు ఏ రూపం తీసుకున్నా, దాని నీడలో ఉన్న ప్రతి లాడ్జి తన లెక్క తిరగరాసుకోవాలి. కొండ మీద వెంకటాద్రి నిలయం పేరుతో ఐదో యాత్రికుల వసతి సముదాయం 2025 సెప్టెంబరు 25న ప్రారంభమైంది. 102 కోట్లతో కట్టిన ఆ భవనం గదులు దొరకని సామాన్యుల కోసం. భక్తుడి వైపు నుంచి చూస్తే ఇది మంచి పని. కింద లాడ్జి కొన్నవాడి వైపు నుంచి చూస్తే, కొండ మీద పెరిగే ప్రతి పడక కింద తగ్గే ఒక రాత్రి.

కాళహస్తిలోనూ దేవస్థానానికి సొంత వసతి గృహాలున్నాయి. అక్కడ పోటీ ఇంత భారీగా లేదు, పోటీపడేంత గిరాకీ కూడా లేదు. తిరుపతిలో పెద్ద యజమాని మార్కెట్టును శాసిస్తాడు, కాళహస్తిలో పెద్ద మార్కెట్టే లేదు. ఏది నయమని అడిగితే, చిన్న పెట్టుబడికి కాళహస్తే నయమంటాను. పోగొట్టుకునేది తక్కువ కాబట్టి కాదు, ఎవరి నిర్ణయం మీదా ఆధారపడని వ్యాపారానికి అక్కడ కాస్త చోటు ఉంది కాబట్టి. ఆ మాట చివర్లో చెబుతాను.

దగ్గరితనానికి రెండు ధరలు

పాత ఊళ్ళో ఆస్తి అమ్మేవాళ్ళందరూ చెప్పే గొప్ప ఒక్కటే, గుడికి దగ్గర. దగ్గరితనానికి రెండు ధరలుంటాయి. కొనేనాడు ఇచ్చేది ఒకటి, గుడి తన చోటు పెంచుకోవాలనుకున్న నాడు వచ్చేది ఇంకొకటి. ఈ రెండో ధర మన దగ్గర కొత్తేమీ కాదు. తిరుమలలో మాస్టర్ ప్లాన్ పేరుతో మాడవీధుల ఇళ్ళు, అంగళ్ళు ఖాళీ చేయించారు. అక్కడివాళ్ళకు వేరేచోట పునరావాసం చూపారు. శ్రీవారి గుడి ఎదుట పదిహేనో శతాబ్దం నుంచి ఉన్న వేయికాళ్ళ మండపాన్నే 2003లో తొలగించారు. రాతి మండపానికే లేని భద్రత ఇటుక గోడల ఇంటికి ఉంటుందా?

కాళహస్తిలో కట్టడం తనంతట తానే పడింది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం బీటలు వారి, 2010 మే 26న కూలిపోయింది. మళ్ళీ లేచి, 2017లో కుంభాభిషేకం జరిగేదాకా ఏడేళ్ళు గడిచాయి. ఒక చోట అయిదు వందల ఏళ్ళ కట్టడాన్ని కొత్త అవసరం కోసం పడగొట్టారు, ఇంకో చోట అయిదు వందల ఏళ్ళ కట్టడం పాతబడి పడిపోయింది. గుడికి ఆనుకుని ఉన్నవాడికి ఈ రెండూ ఒకే పాఠం చెబుతాయి. తన ఆస్తి భవిష్యత్తు తన గోడల్లో లేదు, ఎదుటి గోడల్లో ఉంది.

ఇది మన ప్రాంతానికే పరిమితమైన జబ్బు కూడా కాదు. కాశీలో విశ్వనాథ్ కారిడార్ 2021 డిసెంబరు 13న ప్రారంభమయ్యేలోపు గుడి చుట్టూ మూడు వందల దాకా కట్టడాలను సేకరించారు. పరిహారం అందినా, గంగకూ గుడికీ మధ్య సందులో ఇల్లున్నవాడు తర్వాత పెరిగిన రద్దీలో వాటా పొందలేదు. ఆ వాటా కారిడార్ అవతల వరుసలో ఉన్నవాడికి దక్కింది. గుడి ఊళ్ళలో మొదటి వరుస కన్నా రెండో వరుస పదిలమన్నది ఇప్పటికి చాలా చోట్ల రుజువైన సంగతి.

తిరుపతిలో మరో మెలిక ఉంది. తిరుచానూరు రోడ్డు వైపు నుంచి లీలామహల్, నంది సర్కిల్ మీదుగా అలిపిరి వైపు సాగే శ్రీనివాస సేతు 2023 సెప్టెంబరు 18న పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. 684 కోట్ల ఖర్చుతో, దేవస్థానం, స్మార్ట్ సిటీ సంస్థ కలిసి పెట్టిన డబ్బుతో కట్టారు. ఊళ్ళో ట్రాఫిక్ తగ్గింది, సంతోషం. కారులో వచ్చే యాత్రికుడు పాత ఊరి మొహం చూడకుండానే అలిపిరి చేరుతున్నాడన్నది కూడా అందులోనే ఉంది. రైల్లో వచ్చేవాడు మాత్రం ఇంకా పాత ఊళ్ళోనే దిగుతాడు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ వందేభారత్ వచ్చింది, స్టేషన్ కొత్త రూపు దిద్దుకుంటోంది. కాబట్టి పాత ఊరి గిరాకీ పోదు, రెండుగా చీలుతుంది. కారు గిరాకీ అలిపిరి, రేణిగుంట రోడ్డు వైపు పోతుంది. రైలు గిరాకీ గాంధీ రోడ్డు చుట్టూ మిగులుతుంది. రైలు యాత్రికుడు గదికి ఎక్కువ పెట్టడు. పాత ఊళ్ళో స్టార్ హోటల్ ధరకు జాగా కొని, రైలు యాత్రికుడి ధరకు గది అమ్మడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

ఇరుకు గురించి కూడా చెప్పుకోవాలి. 2023 జూన్ 16న గోవిందరాజస్వామి ఆలయం దగ్గర ఫోటో ఫ్రేముల దుకాణంలో పెద్ద మంటలు లేచాయి. అంత ఇరుకు వీధిలో, అంత రద్దీలో అగ్నిమాపక బండి నిలబెట్టడమే ఒక పరీక్ష. పాత ఇల్లు పడగొట్టి లాడ్జి కట్టాలంటే చుట్టూ జాగా వదలాలి, మెట్ల దారులు రెండుండాలి, అగ్నిమాపక అనుమతి కావాలి. ఇవన్నీ వదిలాక యాభై అంకణాల్లో ఎన్ని గదులు మిగులుతాయో కొనకముందే గీసి చూసుకోవాలి. నిబంధనలు పక్కనబెట్టి కడితే, గదులతోపాటు కేసు కూడా కొనుక్కున్నట్టే.

కాగితాల్లో తేడా

తిరుమల గుడి నిర్వహణ 1843 నుంచి 1933 దాకా హథీరాంజీ మఠం చేతిలో ఉంది, ఆ తర్వాత దేవస్థానానికి వచ్చింది. ఆ తొంభై ఏళ్ళ చరిత్ర తిరుపతి, చుట్టుపక్కల భూముల దస్తావేజుల్లో ఇప్పటికీ బతికే ఉంది. స్థలం మఠానిది, కట్టడం అనుభవదారుడిది. లీజు ఎప్పుడో ముగిసింది, స్వాధీనం మాత్రం మూడో తరానిది. ఇలాంటి చిక్కులు పాత ఊళ్ళలో మామూలే. దేవాదాయ, మఠం, ప్రభుత్వ భూములు 22ఏ నిషేధిత జాబితాలోకి ఎక్కితే రిజిస్ట్రేషనే జరగదు. ఒక్క ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూసి తృప్తిపడేవాడు పాత ఊళ్ళో కొనకూడదు. లింకు దస్తావేజులు, పాత సర్వే రికార్డు, నిషేధిత జాబితా, వారసులందరి సంతకాలు, నిత్యం అద్దె కడుతూ ఖాళీ చేయని అంగడివాడి హక్కు, ఇవన్నీ తేలాకే ధర మాట ఎత్తాలి.

కాళహస్తిలో చిక్కు జమీందారీ రద్దు నాటిది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టానికి ముందూ వెనకా భూమి ఎవరి పేర ఎలా మారిందన్నది చూసుకోవాలి. గుడి భూముల గొడవ అక్కడా ఉంది. అయినా ఇల్లు కొనేవాడికి కాళహస్తిలో ఎదురయ్యేది ఎక్కువగా కుటుంబ పంపకాల తగాదా. తిరుపతిలో ఎదురయ్యేది సంస్థతో తగాదా. అన్నదమ్ములతో రాజీ పడొచ్చు. సంస్థతో రాజీ కుదిర్చే అధికారం ఏ ఒక్క మనిషికీ ఉండదు.

రోడ్ల విస్తరణ మరో సంగతి. తిరుపతిలో మాస్టర్ ప్లాన్ రోడ్ల కోసం జాగా ఇచ్చినవాళ్ళకు నగదు బదులు టీడీఆర్ (బదిలీ చేసుకోదగ్గ నిర్మాణ హక్కు) బాండ్లు ఇచ్చారు, వాటి జారీ మీద ఆరోపణలు, విచారణలు కూడా నడిచాయి. బాండు కొనేవాడుంటేనే డబ్బు. వీధి వైపు పది అడుగులు పోయే ఇల్లు కొంటున్నప్పుడు ఆ పది అడుగులకు వచ్చేది నగదా, కాగితమా అన్నది ముందే ఖాయం చేసుకోవాలి.

ఒక ఊహాలెక్క

విషయం తేటపడటానికి ఒక లెక్క వేద్దాం. ఇవి ఏ ఒక్క భవనం అంకెలూ కావు. జాగా, కట్టడం కలిపి 6 కోట్లు పెట్టి 20 గదుల లాడ్జి కట్టారనుకోండి. గది సగటున 1,200 రూపాయలు. ఏడాది పొడుగునా నిండితే 87.6 లక్షలు. తిరుపతిలో వేసవి సెలవులు, బ్రహ్మోత్సవాలు, తమిళ యాత్రికుల పెరటాసి శనివారాలు, ఏడాది చివరి వారం నిండుతాయి. పరీక్షల నెలల్లో, వారం మధ్యలో ఖాళీలుంటాయి. సగటున సగం నిండిందనుకుంటే 43.8 లక్షలు. జీతాలు, కరెంటు, నీళ్ళు, ఉతుకుడు, పన్నులు, బుకింగ్ యాప్‌ల కమీషన్, మరమ్మతులు కలిపి 24 లక్షలు పోతే మిగిలేది 20 లక్షలలోపు. పెట్టిన 6 కోట్ల మీద అది నూటికి మూడుంపావు. బ్యాంకు డిపాజిట్ అంతకన్నా ఎక్కువిస్తుంది. నూటికి డెబ్బై రాత్రులు నిండితే రాబడి 61 లక్షలు, ఖర్చు 28 లక్షలనుకుంటే మిగులు 33 లక్షలు, అంటే నూటికి అయిదున్నర. సగానికీ డెబ్బైకీ మధ్య తేడా మొత్తం ఒక టోకెన్ కౌంటర్ ఎక్కడ పెడతారన్న దాని మీద ఆధారపడొచ్చు.

దీనిమీద రిజిస్ట్రేషన్ ఖర్చు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఏడున్నర, మొదటి రోజే పోతుంది. పన్ను కూడా కదులుతూనే ఉంటుంది. వెయ్యి లోపు గదులకున్న జీఎస్టీ మినహాయింపు 2022 జూలై 18న పోయి 12 శాతం వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకు అది 5 శాతానికి దిగింది. చిన్న లాడ్జికి ఇది ఊరటే, కానీ లెక్కను తలకిందులు చేసేంత ఊరట కాదు.

ఇదే లెక్క కాళహస్తిలో వేస్తే జాగా ధర తక్కువ కాబట్టి పైకి బాగా కనిపిస్తుంది. నిండే రాత్రులు సగానికి కూడా చేరకపోతే చవకగా కొన్న లాడ్జి కూడా చవకగా నష్టపోతుంది, అంతే.

ఊళ్ళో మిగిలేది ఎవరు

పెట్టుబడి మాటల్లో ఊరివాళ్ళ ప్రస్తావన రాదు. రావాలి, ఎందుకంటే పాత ఊరి విలువలో వాళ్ళూ భాగమే. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర ప్రతి ఏటా వేసవిలో వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం కట్టేది యాత్రికులు కాదు, పాత వీధుల పిల్లలు, పెద్దలు. చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర దాటి రాత్రి ఉండకూడదన్నది పాతకాలపు కట్టుబాటు. కాళహస్తిలో ఏడు గంగమ్మల జాతర నాడూ వీధి వీధికీ అమ్మవారిని నిలిపేది ఆ వీధివాళ్ళే. ఇళ్ళన్నీ లాడ్జీలైతే ఊరు దాటకూడదన్న కట్టుబాటు ఎవరి మీద? ఒక్క రాత్రికి వచ్చినవాళ్ళ మీదా?

ఇది భావుకత కాదు, లెక్కే. జనం కాపురం లేని వీధిలో పాలవాడు, చిల్లర అంగడి, చిన్న బడి నిలవవు. అవి లేని వీధి యాత్ర తగ్గిన నెలల్లో చచ్చిపోతుంది. 2020 వేసవిలో దర్శనాలు ఆగినప్పుడు పాత ఊళ్ళో కాస్తయినా వెలుగు మిగిల్చింది కాపురాలున్న ఇళ్ళే. లాడ్జి బోర్డులు కాదు. బార్సిలోనా నగరం ఈ లెక్క ఆలస్యంగా తెలుసుకుంది. పర్యాటకులకు అద్దెకిచ్చే పది వేల ఫ్లాట్ల లైసెన్సులను 2028 నాటికి ఇక పొడిగించబోమని 2024లో ప్రకటించింది. నగరం మధ్యలో ఇల్లు కొని పర్యాటకుడికి ఇవ్వడమే దారి అనుకున్నవాళ్ళ లెక్క ఒక్క ప్రకటనతో మారిపోయింది. మన ఊళ్ళలో అలాంటి నియమం ఇంకా లేదు. లేదు కాబట్టి ఎప్పటికీ రాదనుకోవడం పెట్టుబడిదారుడి అమాయకత్వం.

ఏది కొనాలి, ఏది వద్దు

తిరుపతి పాత ఊళ్ళో ఇప్పటి ధరకు జాగా కొని కొత్త లాడ్జి కట్టడం నా లెక్కలో తప్పుడు పెట్టుబడి. అక్కడ రాత్రులు నిజమే, కానీ వాటి తాళంచెవి కొనేవాడి చేతికి రాదు. దేవస్థానం ఒక కొత్త సముదాయం కట్టినా, టోకెన్ల చోటు మార్చినా, దర్శనం వేళ జరిపినా లెక్క తలకిందులవుతుంది. ఇన్ని నిర్ణయాలకు లోబడిన ఆస్తికి ఎవరికీ లోబడని ఆస్తి ధర పెట్టకూడదు. అయితే, వారసత్వంగా వచ్చిన ఇల్లు ఉన్నవాడి సంగతి వేరు. అతడికి జాగా ఖర్చు లేదు. కింద అంగడి దీర్ఘకాల అద్దెకిచ్చి, పైన కాపురమో నాలుగైదు గదులో పెట్టుకుంటే ఏ సీజనైనా నడుస్తుంది. అమ్మేయమని తొందరపెట్టే దళారి మాట వినాల్సిన అవసరం అతడికి లేదు. కొత్తగా కొని తీరాలనుకునేవాడు మాడవీధి మీద కాక దానికి ఒకటి రెండు వీధుల అవతల, స్టేషన్‌కు నడిచే దూరంలో, విస్తరణ గీత తగలని చోట చూసుకోవాలి.

కాళహస్తిలో లాడ్జి కొనడం ఇంకా పెద్ద తప్పు, ఇల్లు కొనడం మాత్రం తప్పు కాదు. అక్కడ యాత్రికుడికి కావాల్సింది రాత్రి కాదు, మూడు నాలుగు గంటలు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కుటుంబానికి పూజకు ముందు తలస్నానం, బట్టలు మార్చుకునే చోటు, ముసలివాళ్ళు నడుం వాల్చే చాప, పూజ అయ్యాక శుభ్రమైన భోజనం, కారు నిలిపే జాగా కావాలి. తిన్నెలున్న పాత మిద్దెను పడగొట్టకుండా బాగుచేసి, గంటల లెక్కన గదులు, ఒక భోజనశాల, ముందు గదిలో కలంకారీ పనివాడి అంగడి పెడితే, పెట్టుబడి పదో వంతులో అయిపోతుంది. అదే యాత్రికుడి మధ్యాహ్నాన్ని నాలుగు సార్లు అమ్ముకోవచ్చు. టోకెన్ల నిర్ణయంతో దీనికి పని లేదు. రాహుకాలం వేళలు ఏ బోర్డు మీటింగులోనూ మారవు.

సంస్థల వంతు కూడా ఉంది. రెండు దేవస్థానాలూ తాము కట్టబోయే వసతి, సేకరించబోయే జాగా, మార్చబోయే కౌంటర్ల వివరాలను కనీసం మూడేళ్ళ ముందే మ్యాపు మీద గీసి ప్రకటించాలి. నగరపాలక సంస్థ, పురపాలక సంఘం పాత ఊరి వీధుల్లో విస్తరణ గీతలను సర్వే నంబర్లతో సహా అందరికీ కనబడేలా పెట్టాలి. అలా జరగనంతకాలం పాత ఊళ్ళో ధర పలికేది ఇంటికి కాదు, ముందే తెలిసినవాడి దగ్గరున్న సమాచారానికి. ఆ సమాచారం లేనివాడు, రద్దీ తిరిగొచ్చిందన్న ఒక్క మాట నమ్మి కొనేవాడు, చివరికి తెలిసినవాడి లాభానికి డబ్బు సమకూర్చినవాడవుతాడు. కాబట్టి అడ్వాన్సు ఇచ్చేముందు అమ్మేవాణ్ణి ఎన్ని లక్షల మంది వస్తారని అడగొద్దు. గత మూడేళ్ళ గదుల రిజిస్టరు, జీఎస్టీ రిటర్నులు చూపించమనాలి. చూపించలేనివాడి దగ్గర కొనొద్దు.